లోపలివారే చెప్పాల్సిన లెక్క: తంతి కబురు నుంచి క్లౌడు కొలత దాకా

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:
• దూరాన జరిగే మార్పును కొలిచి, ఒక కేంద్రానికి వేళకు తెలియజేసే పద్ధతి మన ప్రాంతంలో ఎలా రూపుదిద్దుకున్నదో వివరించగలుగుతారు.
• కమాండు లైను నుంచి క్లౌడు పర్యవేక్షణ సేవకు సొంత కొలతను పంపడంలో ఇమిడివున్న అంశాలను చారిత్రక నేపథ్యంతో గుర్తించగలుగుతారు.
• సున్నాకూ ఖాళీకీ గల తేడాను చరిత్ర ఆధారాలకు అన్వయించగలుగుతారు.
• నేటి కొలతలు రేపటి చరిత్రకారునికి ఏ మేరకు మిగులుతాయో చర్చించగలుగుతారు.

1. పరిచయం

పరీక్షలకు వారం ముందు మీరు హాల్‌టికెట్టు డౌన్‌లోడు చేసుకోవడానికి కూర్చున్నారనుకోండి. పేజీ తెరుచుకుంటుంది, మీ నంబరు తీసుకుంటుంది, ఆ తర్వాత కదలదు. అదే నిమిషంలో ఆ వెబ్‌సైటును నడిపే సర్వరు పరిస్థితిని చూపే తెర మీద గీతలన్నీ ప్రశాంతంగా ఉంటాయి. ప్రాసెసరు మీద భారం తక్కువ, నెట్‌వర్కు బాగుంది, యంత్రం నడుస్తోంది. చూసేవారికి అంతా సవ్యమే. మీకు మాత్రం హాల్‌టికెట్టు రాలేదు.

ఆ తెర అబద్ధం చెప్పలేదు. యంత్రాన్ని అద్దెకిచ్చిన సంస్థ బయటి నుంచి కొలవగలిగినవాటిని సరిగానే కొలిచింది. నిమిషానికి ఎన్ని హాల్‌టికెట్లు విద్యార్థులకు అందాయన్న లెక్క మాత్రం లోపల నడిచే ప్రోగ్రాముకు తప్ప మరొకరికి తెలియదు. ఆ లెక్కను లోపలివారే తీసి, దానికొక పేరు పెట్టి, వేళ వేసి, పర్యవేక్షణ సేవకు పంపాలి. కంప్యూటరు పరిభాషలో దీన్ని కస్టమ్ మెట్రిక్‌ను ప్రచురించడం అంటారు. కాలంతో పాటు మారే ఒక కొలతను వేళతో సహా వరుసగా నమోదు చేస్తే ఆ పరంపర మెట్రిక్ అవుతుంది. సేవాసంస్థ తనంతట తాను ఇచ్చే కొలత కాక, మన అవసరాన్ని బట్టి మనం నిర్ణయించుకున్న కొలత కస్టమ్ మెట్రిక్. దాన్ని ఈ వ్యాసంలో సొంత మెట్రిక్ అని వ్యవహరిద్దాం.

చరిత్ర విద్యార్థులకు ఈ విషయంతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఇందులో యంత్రం కొత్తది, సమస్య పాతది. దూరాన ఉన్న కేంద్రానికి లెక్క పంపే ప్రతి సమాజానికీ నాలుగు ప్రశ్నలు ఎదురయ్యాయి. కబురు వేళకు అందుతుందా? కబురు రాకపోతే ఏమని అర్థం చేసుకోవాలి? పంపినవారి అంకెను అందుకున్నవారు పొరబడకుండా చదవగలరా? అన్నిటికీ మించి, ఏది లెక్కించాలో ఎవరు నిర్ణయిస్తారు? మొదటి ప్రశ్న మనల్ని మచిలీపట్నం తీరానికి తీసుకువెళుతుంది. మిగిలిన మూడింటికి సికింద్రాబాదులోని మెట్టుగూడ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా ప్రాంగణానికి పోయే దారి, ఆ విశ్వవిద్యాలయంతో ముడిపడిన ఒక వేధశాల మంచి ఉదాహరణలు ఇస్తాయి.

2. మచిలీపట్నం, 1864: కొలత ఉంది, కబురు లేదు

1864 అక్టోబరు 5న కలకత్తాను పెనుతుపాను తాకింది. నెల తిరగకుండానే, నవంబరు 1న, మరొక తుపాను మచిలీపట్నం మీద విరుచుకుపడింది. సముద్రం ఉప్పెనగా లోపలికి వచ్చి సుమారు 30,000 మందిని బలి తీసుకుంది.

వాతావరణాన్ని కొలవడం అప్పటికి తెలియని విద్య కాదు. మద్రాసు వేధశాలలో 18వ శతాబ్దం చివరి నుంచే వాతావరణ పరిశీలనలు నమోదు అవుతున్నాయి. తంతి కూడా వచ్చింది. 1855 నాటికి దేశంలో తంతి సేవ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. లేనిది ఈ రెండింటినీ కలిపే ఏర్పాటు. వాయుభారమాపకంలో పాదరసం దిగిపోతున్నదని ఒకచోట గమనిస్తే, ఆ అంకెను ఎవరికి, ఏ రూపంలో, ఎంతలోపు పంపాలో చెప్పే వ్యవస్థ లేదు. కొలత పుస్తకంలో ఉంటే అది జ్ఞాపకం. కేంద్రానికి వేళకు చేరితేనే అది హెచ్చరిక.

ఈ విపత్తుల తర్వాత కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1866, 1871 సంవత్సరాల్లో వర్షాలు విఫలం కావడంతో దేశమంతటికీ ఒకే వ్యవస్థ కావాలన్న అభిప్రాయం బలపడింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. ఆయన ఉద్యోగం పేరులోనే ‘రిపోర్టర్’ అన్న మాట ఉండేదని గమనించండి. కొలిచేవాడు కాదు, కబురు అందించేవాడు. 1878 నుంచి రోజువారీ వాతావరణ నివేదిక వెలువడసాగింది.

వాతావరణ కేంద్రాలు పంపే కబురు క్రమంగా అంకెల గుంపుల రూపం తీసుకుంది. అయిదేసి అంకెల ఈ సంకేతాల్లో ప్రతి కేంద్రానికీ ఒక అంతర్జాతీయ సంఖ్య ఉంటుంది. హైదరాబాదు సంఖ్య 43128, మచిలీపట్నం సంఖ్య 43185. ఏ గుంపులో ఏ కొలత రావాలో, అది ఏ ప్రమాణంలో ఉండాలో ముందే ఒప్పందమై ఉంటుంది. పరిశీలన వేళలు కూడా అంతే. మన దేశంలో వర్షపాతాన్ని ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. అంతర్జాతీయ కాలమానంలో అది సరిగ్గా 3 గంటలు. లోకమంతా ఒకే క్షణంలో కొలిస్తేనే ఒక పటం మీద పెట్టి పోల్చడం సాధ్యమవుతుంది.

వర్షపాత పట్టికను ఎప్పుడైనా చూస్తే మరొక సంగతి గమనించండి. వాన కురవని రోజున పరిశీలకుడు సున్నా రాస్తాడు. కొలవని రోజున ఆ గడి ఖాళీగా ఉంటుంది. సున్నా ఒక పరిశీలన. ఖాళీ పరిశీలన లేకపోవడం. ఈ తేడాను మరిచి ఖాళీ గడులను సున్నాలుగా లెక్కగడితే లేని కరవును సృష్టించినవాళ్లమవుతాం. జనాభా లెక్కలు, భూమి శిస్తు పట్టీలు, ధరల జాబితాలు చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

3. మెట్టుగూడ దారి: మౌనానికి అర్థం

కబురు అందితే సరే, అందకపోతే? ఈ ప్రశ్నకు అన్నిటికంటే కచ్చితమైన జవాబు రైల్వేలు ఇచ్చాయి.

వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. తర్వాత లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వెలిసింది. దాని చుట్టూ రైల్వే కుటుంబాల కాలనీలు పెరిగాయి. పదవీ విరమణ తర్వాత నేను నివసిస్తున్న మెట్టుగూడ కూడా ఆ రైలు లోకంలో భాగమే. ఇక్కడి నుంచి తార్నాక వైపు వెళ్లే దారిలో ఇరిసెట్ అనే సంస్థ ఉంది. భారతీయ రైల్వేల సిగ్నల్, టెలికమ్యూనికేషన్ ఇంజినీర్లకు శిక్షణనిచ్చే ఈ సంస్థ 1957 నవంబరులో ప్రారంభమైంది.

సిగ్నల్ విద్యలో మొదటి పాఠం ఇది: వ్యవస్థ చెడిపోతే అది ప్రమాదం లేని వైపే చెడిపోవాలి. రెండు స్టేషన్ల మధ్య ఒకే సమయంలో ఒకే రైలు ఉండాలన్నది బ్లాకు పద్ధతి నియమం. ముందు స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ అందితేనే వెనుక స్టేషన్ మాస్టరు రైలును పంపుతాడు. జవాబు రాకపోతే, దారి ఖాళీగా ఉండి ఉంటుందిలే అని ఊహించడానికి అతనికి అధికారం లేదు. జవాబు లేకపోతే రైలు కదలదు.

ట్రాక్ సర్క్యూట్ అనే ఏర్పాటు ఇదే నియమాన్ని విద్యుత్తుతో అమలు చేస్తుంది. పట్టాల ద్వారా స్వల్ప విద్యుత్తును ప్రవహింపజేస్తారు. ఆ ప్రవాహం అవతలి కొసన ఉన్న రిలేను పైకి పట్టి ఉంచుతుంది. రైలు వస్తే దాని చక్రాలు, ఇరుసులు రెండు పట్టాలనూ కలిపివేస్తాయి, రిలేకు విద్యుత్తు అందక అది పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. తీగ తెగినా, విద్యుత్తు ఆగినా జరిగేది కూడా అదే. అంటే ‘అంతా బాగుంది’ అన్న మాటను ఆ పరికరం ప్రతిక్షణం చెబుతూనే ఉండాలి. చెప్పడం మానిన క్షణంలో రైలు ఆగుతుంది.

ఇక్కడ ఒక సూత్రం గ్రహించండి. మౌనానికి తనంతట తానుగా అర్థం లేదు. దానికి ఏ అర్థం ఇవ్వాలో ముందుగా, తీరిక ఉన్నప్పుడు, నిర్ణయించుకోవాలి. ప్రమాదం ముంచుకొచ్చాక నిర్ణయించుకునే వ్యవధి ఉండదు.

4. నిజామియా వేధశాల: అందరికీ ఒకే ఫక్కీ

మూడో ప్రశ్న లెక్క రూపానికి సంబంధించింది. దీనికి ఉదాహరణ ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలోనే ఉంది.

ఖగోళశాస్త్రం మీద మక్కువ గల నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ ప్రాంతంలో ఒక వేధశాలను స్థాపించారు. ఆయన మరణం తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. వేధశాల బేగంపేటకు మారింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి అది 1919లో వచ్చింది.

ఈ వేధశాల ఒక ప్రపంచ ప్రణాళికలో పాలుపంచుకుంది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళశాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించి, నక్షత్రాల స్థానాల పట్టికను తయారు చేయాలని తీర్మానించారు. ఏ ఒక్క దేశానికీ సాధ్యం కాని పని కనుక ఆకాశాన్ని అడ్డపట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాలకు అప్పగించారు. దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని మొదట చిలీ దేశపు సాంటియాగోకు ఇచ్చారు; అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ హైదరాబాదుకు వచ్చింది. రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నేతృత్వంలో పని కొనసాగింది. ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీలో కూడా హైదరాబాదు పనిచేసింది. మొత్తం ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలను ఇక్కడ కొలిచి ప్రచురించారు.

మనకు కావలసింది ఆ ఫక్కీ. ప్రతి వేధశాలా తన పట్టీ పేరు, పలక తీసిన తేదీ, పలక మీద నక్షత్రం ఉన్న స్థానం, దాని ప్రకాశం అనే వివరాలను ఒప్పందం ప్రకారం నమోదు చేయాలి. హైదరాబాదులో కొలిచినవారిని ఎన్నడూ చూడని ఒక పరిశోధకుడు ఆ పట్టిక తెరిచి, ఏ అంకె ఏమిటో గ్రహించగలగాలి. కొలిచిన మనిషి పక్కన లేకపోయినా అంకె తనను తాను వివరించుకోవాలి. ప్రచురణ అన్న మాటకు ఇక్కడ అసలైన అర్థం ఇదే.

5. తార్నాక: బయటికి కనిపించని కొలత

నాలుగో ప్రశ్నకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర జవాబు చెబుతుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం చిన్న విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పొందింది.

దేశంలో తిండి సరిపోతున్నదా అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర అప్పటికే ఒక జవాబు ఉండేది. పండిన ధాన్యాన్ని, దిగుమతులను కలిపి, జనాభాతో భాగిస్తే తలసరి లభ్యత వస్తుంది. అది బయటి నుంచి చూడగలిగిన కొలత. అయితే ఏ ఇంట్లో ఎవరి కంచంలో ఎంత పడిందో ఆ అంకె చెప్పదు. దాన్ని తెలుసుకోవాలంటే ఇంటి గడప దాటి లోపలికి వెళ్లాలి.

1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ బ్యూరో ఆ పని చేసింది. ఈ సంస్థ కేంద్రంగా, ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో దాని బృందాలు గ్రామాలకు వెళ్లి, వంటకు తీసిన దినుసులను తూచి, గడిచిన 24 గంటల్లో ఎవరేమి తిన్నారో అడిగి, పిల్లల ఎత్తు, బరువు కొలిచాయి. అప్పట్లో పేదల ఆహారంలో ప్రధాన లోపం మాంసకృత్తులదేనన్న వాదం ప్రపంచమంతటా బలంగా ఉండేది. సి. గోపాలన్ నాయకత్వంలో ఈ సంస్థ పరిశోధకులు, మామూలు తిండే కడుపునిండా అందకపోవడం అసలు సమస్య అని చూపారు. పెద్దలకు తిండి చాలినంత ఉన్న ఇళ్లలో కూడా కొన్నిచోట్ల చిన్నపిల్లలకు చాలడం లేదని తెలిసింది. దేశపు సగటు ఇంటిని దాచింది. ఇంటి సగటు పిల్లవాణ్ణి దాచింది.

బ్యూరో 2015లో మూతపడింది. దాని చరిత్ర మనకు మిగిల్చిన పాఠం స్పష్టమే. కేంద్రం తనకు సులువుగా దొరికే కొలతలనే చూస్తుంది. మనుషులకు ముఖ్యమైన కొలత తరచుగా లోపల ఉంటుంది. దాన్ని ఎవరో పనిగట్టుకొని ఎంచుకొని, తూచి, పంపితే తప్ప అది పటం మీదికి రాదు.

6. యంత్రాల పర్యవేక్షణ: 1988 నుంచి 2013 వరకు

ఇప్పుడు కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 1988లో రూపొందిన ఎస్ఎన్ఎంపీ అనే నియమావళి నెట్‌వర్కు పరికరాలు తమ స్థితిని ఒక కేంద్రానికి చెప్పుకొనే భాషను ఇచ్చింది. 1995లో టోబియాస్ ఓటికర్ రాసిన ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాము ఆ అంకెలను గీతలుగా చూపింది. ఆయనే 1999లో ఆర్ఆర్‌డీటూల్ తెచ్చారు. ఇందులో నిల్వ స్థలం గానుగలా గుండ్రంగా తిరుగుతుంది: కొత్త అంకెలు వచ్చేకొద్దీ పాతవి సగటులుగా కుదించుకుపోయి, చివరికి చెరిగిపోతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివరి భాగంలో దీనితో పని ఉంది.

2006లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ సర్వర్లను గంటల లెక్కన అద్దెకు ఇవ్వసాగింది. అద్దె యంత్రం ఎక్కడో ఉంటుంది. దాన్ని చూసేందుకు 2009లో క్లౌడ్‌వాచ్ అనే సేవ వచ్చింది. ప్రాసెసరు భారం, నెట్‌వర్కు రాకపోకలు వంటివాటిని అది తానే చూపుతుంది. యంత్రం లోపల జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, ఎంత ఖర్చయిందో, డిస్కులో ఎంత చోటు మిగిలిందో తనంతట తాను చూపలేదు. ఇంటి యజమాని కరెంటు మీటరు చూడగలడు, అద్దెకున్నవారి బియ్యం డబ్బాలో ఎంత ఉందో చూడలేడు కదా. ఆ లెక్క అద్దెకున్నవారే చెప్పాలి.

2011 మేలో ఆ వీలు కలిగింది. వినియోగదారులు తాము ఎంచుకున్న ఏ అంకెనైనా క్లౌడ్‌వాచ్‌కు పంపవచ్చు. కమాండు లైను నుంచి పంపడానికి మొదట ‘మాన్-పుట్-డేటా’ అనే ఆదేశం ఉండేది. 2013లో అన్ని సేవలకూ కలిపి ఒకే కమాండు లైను ఉపకరణం పూర్తిస్థాయిలో విడుదలయ్యాక ‘పుట్-మెట్రిక్-డేటా’ అనే ఆదేశం వాడుకలోకి వచ్చింది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులోనే ఒక క్లౌడు ప్రాంతాన్ని ప్రారంభించింది. సికింద్రాబాదులో కూర్చుని ఒక అంకెను పంపేవారు దాన్ని ఇప్పుడు హైదరాబాదు ప్రాంతంలోనే నిలిపి ఉంచుకోవచ్చు.

7. ఒక్క ఆదేశంలో నాలుగు జవాబులు

కమాండు లైను అంటే బొమ్మలు, మీటలు లేకుండా అక్షరాలతో కంప్యూటరుకు ఆదేశమిచ్చే పద్ధతి. ‘ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌వాచ్ పుట్-మెట్రిక్-డేటా’ అని రాసి, దాని వెంట కొన్ని వివరాలు చేర్చితే కొలత వెళ్లిపోతుంది. ఒక విశ్వవిద్యాలయం నిమిషానికి అందిన హాల్‌టికెట్ల సంఖ్యను పంపుతున్నదనుకుని ఆ వివరాలను పరిశీలించండి.

మొదటిది నేమ్‌స్పేస్. ఇది మన లెక్కలన్నీ ఉండే పద్దు పేరు. ‘పరీక్షల విభాగం’ అనుకోండి. వేధశాలకు ఆకాశ పట్టీ ఎటువంటిదో ఇది అటువంటిది. ఇతరుల లెక్కలతో మన లెక్కలు కలవకుండా కాపాడుతుంది.

రెండోది మెట్రిక్ పేరు: ‘అందిన హాల్‌టికెట్లు’. మూడోది డైమెన్షన్, అంటే ఆ కొలత ఎక్కడిదో, దేనిదో చెప్పే గుర్తు. వాతావరణ కేంద్రపు అయిదంకెల సంఖ్య లాంటిది. ఇక్కడ అధ్యయన కేంద్రం పేరు వాడవచ్చు. ప్రతి విద్యార్థి నంబరునూ డైమెన్షన్‌గా పెట్టకూడదు. ప్రతి కొత్త గుర్తుతో ఒక కొత్త మెట్రిక్ పుడుతుంది, దానికి వేరే రుసుము పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, వ్యక్తుల వివరాలు పర్యవేక్షణ తెర మీదికి ఎక్కుతాయి. కేంద్రం పరిస్థితి తెలియాలి, ఏ విద్యార్థి ఎప్పుడు లాగిన్ అయ్యాడో కాదు.

నాలుగోది విలువ, అయిదోది ప్రమాణం. 40 అన్న అంకె సంఖ్యా, సెకన్లా, శాతమా? ఒకే పేరుతో రెండు ప్రమాణాల్లో పంపితే క్లౌడ్‌వాచ్ వాటిని విడివిడిగా లెక్కిస్తుంది. నిమిషానికి అరవై సార్లు పంపే బదులు ఎన్ని పరిశీలనలు, మొత్తం ఎంత, కనిష్ఠం, గరిష్ఠం అని నాలుగు అంకెలుగా కూర్చి కూడా పంపవచ్చు. సగటు ఒక్కటే కాక కనిష్ఠ, గరిష్ఠాలు ఉండటం ఎందుకు మేలో తార్నాక ఉదాహరణ మీకు ఇప్పటికే చెప్పింది.

ఆరోది వేళ. ఇది రాయకపోతే కబురు అందిన వేళనే కొలిచిన వేళగా తీసుకుంటారు. పరిశీలన వేళ, అందిన వేళ వేరు కావచ్చునని చరిత్ర విద్యార్థులకు వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తరం రాసిన తేదీ, చేరిన తేదీ ఒకటి కావు. రెండు వారాల పాత కొలతను కూడా పంపే వీలుంది. రెండు గంటలకు మించి భవిష్యత్తుకు చెందిన కొలతను మాత్రం ఈ సేవ స్వీకరించదు. మన కాలం అంతర్జాతీయ కాలం కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 10 గంటలని మన గడియారం చూసి, దానికి అంతర్జాతీయ కాలపు గుర్తు తగిలిస్తే ఆ కొలత అయిదున్నర గంటలు భవిష్యత్తులోకి పోతుంది. అది తిరస్కారానికి గురవుతుంది.

ఇక మౌనం సంగతి. మెట్రిక్ మీద అలారం పెట్టినప్పుడు దానికి మూడు స్థితులుంటాయి: సవ్యం, అలారం, సమాచారం చాలదు. కొలత రాని నిమిషాన్ని ఎలా పరిగణించాలో ముందే చెప్పాలి. హద్దు దాటినట్టు భావించవచ్చు, దాటనట్టు భావించవచ్చు, పాత స్థితినే ఉంచవచ్చు, సమాచారం లేనట్టుగానే వదలవచ్చు. హాల్‌టికెట్ల కాలంలో నిమిషాల తరబడి లెక్క రాకపోతే హద్దు దాటినట్టు భావించడమే రైల్వే వారి పద్ధతి. అందుకు ఒక షరతు ఉంది. ఒక్క హాల్‌టికెట్టు కూడా అందని నిమిషంలో ప్రోగ్రాము మౌనంగా ఊరుకోక సున్నాను పంపాలి. అప్పుడే ‘ఎవరూ అడగలేదు’ అన్నదానికీ ‘లెక్క పంపే ప్రోగ్రామే ఆగిపోయింది’ అన్నదానికీ తేడా తెలుస్తుంది.

సున్నాకు కూడా రెండు కారణాలుండవచ్చు. ఎవరూ రాక సున్నా కావచ్చు, వచ్చినవారందరికీ విఫలమై సున్నా కావచ్చు. అందుకే ‘అందినవి’తో పాటు ‘అడిగినవి’ కూడా పంపాలి. ఏయే కొలతలు కావాలన్నది సాఫ్ట్‌వేరు పరిజ్ఞానంతో మాత్రమే తేలదు. పరీక్ష రాసే విద్యార్థికి ఏమి జరిగితే నష్టమో తెలిసినవారు చెప్పాలి.

8. చరిత్రకారుని ప్రశ్న: ఎంతకాలం నిలుస్తాయి?

క్లౌడ్‌వాచ్‌లో ఒక నిమిషం వివరం గల కొలతలు 15 రోజులు నిలుస్తాయి. తర్వాత అవి అయిదు నిమిషాల సగటులుగా, మొత్తాలుగా కుదించుకుపోయి 63 రోజులు, గంట లెక్కలుగా 455 రోజులు ఉంటాయి. నిమిషం కంటే తక్కువ వ్యవధి కొలతలు ఆ వివరంతో మూడు గంటలే ఉంటాయి. పదిహేను నెలలు దాటాక గీత ఉండదు. సర్వరు నడిపేవారికి ఇది చాలు. నిన్నటి జ్వరం తెలిస్తే చాలుననే వైద్యునికి పదేళ్ల కిందటి జ్వరంతో పని లేదు.

దీన్ని వేధశాల పట్టికలతో పోల్చండి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో హైదరాబాదులో కొలిచిన నక్షత్ర స్థానాలు పుస్తకాల్లో అచ్చయి నిలిచాయి. 1990లలో ఉపగ్రహం నక్షత్రాలను మళ్లీ కొలిచినప్పుడు, మధ్యకాలంలో అవి ఎంత జరిగాయో తెలియాలంటే పాత స్థానాలు కావలసి వచ్చాయి. 2000లో వెలువడిన టైకో-2 అనే నక్షత్ర పట్టిక, హైదరాబాదుతో సహా ఆనాటి వేధశాలల కొలతలను వాడుకుంది. కొలిచినవారు ఊహించని ప్రశ్నకు వారి అంకెలు జవాబు చెప్పాయి. నిలిచి ఉండటం వల్లనే చెప్పగలిగాయి.

నేడు ఒక సంస్థ దైనందిన జీవితం ఎక్కువగా ఇలాంటి మెట్రిక్‌లలోనే నమోదవుతోంది. ఎప్పుడు రద్దీ పెరిగింది, ఏ కేంద్రం విద్యార్థులకు సేవ అందలేదు, ఏ రాత్రి వ్యవస్థ కూలింది అన్న వివరాలు ఫైళ్లలో కాక ఆ గీతల్లో ఉన్నాయి. ఆ గీతలు పదిహేను నెలల్లో చెరిగిపోతే, ముప్పయి ఏళ్ల తర్వాత మన కాలం మీద పరిశోధన చేసేవారికి మిగిలేది వార్షిక నివేదికలోని సగటు. ఆ సగటు ఎవరిని దాస్తుందో మీకు తెలుసు.

దీనికి పరిష్కారం కష్టమైంది కాదు. పంపే ప్రతి కొలతనూ తేదీ, పేరు, ప్రమాణంతో ఒక మామూలు పట్టికలో కూడా రాసి భద్రపరచవచ్చు. గంట లెక్కలను ఏడాదికొకసారి దింపి దాచవచ్చు. ఆ పని చేయాలని ఎవరో అడగాలి. ఏ ఆధారం విలువైనదో, ఏది పోతే తిరిగి రాదో తెలిసినవారు చరిత్ర విద్యార్థులే. మీరు రేపు ఏ కార్యాలయంలో, ఏ బడిలో, ఏ సంస్థలో పనిచేసినా ఈ మూడు ప్రశ్నలు వేయండి. మన లెక్కల్లో చేరని మనిషి ఎవరు? ఖాళీ గడిని మనం ఏమని చదువుతున్నాం? ఈ అంకె పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటుంది?

సారాంశం

• కొలత హెచ్చరికగా మారాలంటే అది వేళకు కేంద్రానికి చేరాలి. 1864 విపత్తుల తర్వాత ఏర్పడిన వాతావరణ వ్యవస్థ దీన్ని నిరూపించింది.
• కబురు రాకపోవడానికి అర్థాన్ని ముందే నిర్ణయించాలి. రైల్వే సిగ్నల్ వ్యవస్థలో మౌనం అంటే ఆగమని అర్థం.
• పేరు, స్థానం, ప్రమాణం, వేళ ఉన్న అంకెను ఎవరైనా చదవగలరు. నిజామియా వేధశాల పట్టికలు ఇందుకు ఉదాహరణ.
• బయటి నుంచి కనిపించని ముఖ్యమైన కొలతను లోపలివారే ఎంచుకుని పంపాలి. పోషణ పర్యవేక్షణ బ్యూరో, క్లౌడు సొంత మెట్రిక్ రెండూ ఈ అవసరం నుంచే పుట్టాయి.
• పర్యవేక్షణ కోసం నిలిపే కాలం చరిత్రకు చాలదు. భద్రపరచడం వేరే పనిగా చేపట్టాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వర్షపాత పట్టికలో సున్నాకూ ఖాళీ గడికీ గల తేడా ఏమిటి? అలారం పెట్టేటప్పుడు ఈ తేడా ఎలా ఉపయోగపడుతుంది?
2. తలసరి ఆహార లభ్యత, ఇంటింటి ఆహార సర్వే చూపే చిత్రాలు ఎందుకు వేరుగా ఉన్నాయి?
3. ‘పుట్-మెట్రిక్-డేటా’ ఆదేశంలోని ఏవైనా నాలుగు వివరాలను చారిత్రక ఉదాహరణలతో వివరించండి.
4. మీ ఊరిలోని ఒక సేవను, ఉదాహరణకు చౌకధరల దుకాణం లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, ఎంచుకోండి. పై అధికారులు ఇప్పుడు చూస్తున్న కొలత ఏది? లోపలివారు మాత్రమే చెప్పగలిగిన కొలత ఏది? ఒక పుటలో రాయండి.